ఒక పాత ఆసు చట్రం కావాలి: చింతకింది మల్లేశం గారికి డిండోలి నుంచి ఉత్తరం

గౌరవనీయులు చింతకింది మల్లేశం గారికి,

సూరత్‌లోని డిండోలి నుంచి ఒక పద్మశాలి ఇంటి ఆడపడుచును రాస్తున్నాను.

మీరు నన్ను ఎరగరు. ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా నాయన సిరిసిల్ల నుంచి సాంచెల, అంటే మరమగ్గాల, పనికి ఈ ఊరొచ్చాడు. అమ్మ ఇంట్లో చీరల కుప్ప ముందేసుకుని ధాగా కటింగ్ చేస్తూ నన్ను చదివించింది. కుట్టుపని అయ్యాక చీర వెనక వేలాడే పోగుల్ని చిన్న కత్తెరతో కత్తిరించే పని అది, చీరకు ఇన్ని పైసలని. సూరత్ మునిసిపల్ బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. వాటిలో తెలుగు కూడా ఉంది కాబట్టి నాకు ఈ ఉత్తరం రాయడం వచ్చింది.

డిండోలి అంటే ఉధనాకు, లింబాయత్‌కు పక్కన. వరంగల్‌లో నవజీవన్ రైలు ఎక్కి తెల్లారి లేచి చూస్తే మా ఊరి వాసన మొదలవుతుంది. ఖాందేశ్ మరాఠీలు, ఒడియా వాళ్ళు, యూపీ, బీహార్ వాళ్ళు, మనవాళ్ళు అంతా ఒకే గల్లీలో ఉంటాం. ఛఠ్ పండుగకు చెరువు గట్టు నిండిపోతుంది, మార్కండేయ జయంతికి మా వీధి నిండిపోతుంది. సాంచెల చప్పుడు మాత్రం ఈ పండుగలకు పూర్తిగా ఆగదు.

ఇక మీకెందుకు రాస్తున్నానో చెప్తాను.

మొన్న సెమిస్టర్ మధ్యలో ఒక తండ్రి కాలేజీకి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, వెంట్రుకల్లో ఇంకా నూగు ఉంది. తెలుగు మేడం ఉందని ఎవరో చెబితే నన్ను వెతుక్కుని వచ్చాడు. "మేడం, మావోడు రాత్రంత కంప్యూటర్ల డబ్బాలు అటిటు జరుపుతుండు. ఏందిరా అంటే వెబ్‌సైట్ చేస్తున్న అంటడు. కోడ్ రాసేదే లేదట, జరిపితే అయితదట. గట్ల జరిపితే అయ్యేదానికి ఇంత ఫీజు గట్టి ఇంజినీరింగ్ ఎందుకు మేడం?"

నేను ఆయనకు ఏదో చెప్పి పంపాను. నా జవాబు నాకే నచ్చలేదు. అదే ప్రశ్నను మా తోటి అధ్యాపకుడొకాయన ఇంకోలా అడుగుతుంటాడు. "దీన్ని ఇంజినీరింగ్ అనరు మేడం, డీటీపీ అంటారు" అని నవ్వుతాడు. ఆయనకైతే టీ తాగుతూ ఏదో ఒకటి అనొచ్చు. రాత్రంతా నిలబడి ఎనిమిది సాంచెలు చూసుకుని వచ్చిన మనిషికి అలా చెప్పలేం కదా. ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే మీరు గుర్తొచ్చారు. మీరంటే 2019లో వచ్చిన సినిమాలోని మల్లేశం కూడా అనుకోండి. మా వీధిలో మిమ్మల్ని ఎరిగినవాళ్ళలో సగం మంది ఆ సినిమా వల్లే ఎరుగుదురు.

మీకు తెలిసిన సంగతే మీకు చెబుతున్నందుకు చిరాకు పడకండి, ఈ ఉత్తరం నలుగురూ చదువుతారు కనుక చెబుతున్నాను. పోచంపల్లి పట్టుచీరలో రంగులు నేశాక అద్దేవి కావు. నేతకు ముందే పోగును వరసగా పరిచి, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగులో ముంచుతారు. అలా పరవడం కోసం పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి మీటరు దూరం పోయి రావాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. ఆ పని చేసీ చేసీ మీ అమ్మ లక్ష్మి గారి భుజం పడిపోతుంటే చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటలో బడి మధ్యలో మానేసిన కుర్రాడు ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మీ యంత్రానికి అండగా నిలిచిన జాతీయ ఆవిష్కరణల సంస్థ మా గుజరాత్‌లోనే ఉందని మా పిల్లలకు నేను కాస్త గర్వంగానే చెబుతుంటాను.

నా పాఠంలోనూ ఒక ఆసు ఉంది అన్నా. అన్నా అని పిలవొచ్చు కదా?

వెబ్ పేజీ తయారు చేయడమంటే రెండు రకాల రాతలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని చెప్పేది హెచ్‌టీఎంఎల్. అది ఏ రంగులో, ఎంత పెద్దగా, ఎంత ఎడంగా కనబడాలో చెప్పేది సీఎస్ఎస్. దాదాపు ప్రతి ముక్కకూ ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం. వీటినే ట్యాగులంటారు. తెరిచినదల్లా మూయాలి. ఒక మామూలు పేజీకి ఇవి వందల్లో ఉంటాయి. మా పిల్లలు మొదటి ఏడాది సి భాష నేర్చుకుని వస్తారు, నల్లటి తెర మీద చుక్కలతో పిరమిడ్ కట్టడం దాకా. అందులో ఒక సెమికోలన్ మరిస్తే కంపైలర్ ఫలానా లైన్లో తప్పుందని తిడుతుంది. సీఎస్ఎస్ అలా తిట్టదు. తప్పు రాస్తే ఆ ముక్కను వదిలేసి మౌనంగా ముందుకు పోతుంది. పిల్లవాడు ఎర్ర రంగు రాశాననుకుంటాడు, తెర మీద నలుపే ఉంటుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. పదేళ్ళు చూశాను. మూడో వారానికి సగం మంది పక్కవాడి ఫైలు కాపీ కొట్టుకుని బయటపడేవాళ్ళు. పరీక్షలో మాత్రం ట్యాగుల పేర్లు అప్పజెప్పేవాళ్ళు.

నో-కోడ్ పనిముట్లంటే ఈ కొక్కేల పనిని తాము చేసిపెట్టేవి. వెబ్‌ఫ్లో, విక్స్, గూగుల్ సైట్స్, వర్డ్‌ప్రెస్ మీద ఎలిమెంటర్, ఇలా చాలా ఉన్నాయి. ఎడమ పక్క నుంచి డబ్బా లాగి పేజీ మీద పెడతాం, కుడి పక్క గళ్ళలో అంకెలు మారుస్తాం, వెనక హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ అవే రాసుకుంటాయి. ఒక అంకె మారిస్తే ఆ క్షణమే కంటి ముందు డబ్బా కదులుతుంది. మధ్యలో మౌనం ఉండదు. నాకు ముందుగా నచ్చింది అదే.

పేజీలో ప్రతి ముక్కా ఒక డబ్బాయే. ఆ డబ్బాల లెక్క చెప్పడానికి ఇదివరకు నాకు రెండు క్లాసులు పట్టేవి. ఇప్పుడు మార్కెట్ నుంచి చీరల పెట్టెలు నాలుగు తెస్తాను. చీర ఉందే, అది అసలు సరుకు. చీరకూ అట్టపెట్టెకూ నడుమ వదిలిన జాగా ప్యాడింగ్. అట్ట మందం బార్డర్. పెట్టెకూ పక్క పెట్టెకూ నడుమ ఎడం మార్జిన్. సూరత్ పిల్లలకు ఇంతకంటే చెప్పాల్సింది లేదు. సగం మంది ఇళ్ళలో అమ్మలు చీరలు మడత పెడుతుంటారు. పెట్టె చూపించి వెంటనే తెర మీద గడిలో అంకె మార్చి చూపిస్తే, "పెట్టె పెద్దదయింది గాని చీర పెరగలేదు" అని వాళ్ళే అంటారు.

ఇది కొత్తగా వచ్చిన దగ్గరదారి అనుకునేవాళ్ళకు ఒక ముచ్చట చెబుతాను. 1990లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన మొట్టమొదటి బ్రౌజర్ చదవడానికే కాదు, పేజీలు రాయడానికి కూడా పనికొచ్చేది. ట్యాగులు చేత్తో కొట్టకుండానే పేజీ దిద్దొచ్చు. చేత్తో కొట్టడం ఆ తర్వాత మనకు అలవాటైన సంగతి. తర్వాత 1997లో డ్రీమ్‌వీవర్, 2003లో వర్డ్‌ప్రెస్, 2013లో వెబ్‌ఫ్లో వచ్చాయి. డ్రీమ్‌వీవర్ అన్న పేరులో నేతగాడు ఉండటం చూసి నేను చదువుకునే రోజుల్లో మురిసిపోయేదాన్ని.

అయితే మా నాయన ముందు నా మురిపెం సాగలేదు. ఆయన జాకార్డు ఖాతాలో, అంటే సాంచెల కార్ఖానాలో, చాలా ఏళ్ళు చేశాడు. అట్టలకు చిల్లులు పొడిచి, ఒకదానికొకటి కుట్టి, సాంచె మీద వేలాడదీసే రోజులు చూశాడు. 1804 నాటి ఆ చిల్లుల అట్టలే తర్వాత బాబేజ్ గారి యంత్రానికి ఊహనిచ్చాయని, ఆ యంత్రం ఏం చేయగలదో 1843లో ఏడా లవ్‌లేస్ రాస్తూ జాకార్డు మగ్గంతోనే పోల్చిందని, జాకార్డ్ మహాశయుడి బొమ్మనే పట్టులో నేయడానికి ఇరవై నాలుగు వేల అట్టలు పట్టాయని నేను చెబితే నోరెళ్ళబెట్టి విన్నాడు. విని, "ఇప్పుడు అట్టలేవీ, పెన్ డ్రైవ్ పెడుతున్నరు" అన్నాడు. నిజమే. ఇప్పుడు డిజైనర్ కంప్యూటర్ మీద గళ్ళలో బొమ్మ వేసి పెన్ డ్రైవ్‌లో పంపుతాడు, ఎలక్ట్రానిక్ జాకార్డు దాన్ని నేస్తుంది.

"మరి బాగానే ఉంది కదా నాయనా?"

"ఏం బాగు? సాంచె మొఖం చూడని పోరగాడు బొమ్మ ఏస్తడు. తెర మీద నెమలి సక్కగుంటది. బట్ట తిప్పి చూస్తే ఎనక పోగు జానెడు జానెడు వేలాడుతది. ఆడోళ్ళ గాజులకు తట్టుకుని గుంజుకపోతది. మీ అమ్మ కత్తిరించలేక సచ్చేది."

అన్నా, ఆ రోజు నుంచి ఈ మాట నా పాఠంలో భాగమైపోయింది. బట్ట తిప్పి చూడమని పిల్లలకు చెబుతాను. వెబ్ పేజీని తిప్పి చూడటం తేలిక. కీబోర్డు మీద ఎఫ్12 నొక్కితే చాలు, వెనక పోగులన్నీ కనబడతాయి. చెప్పడమైతే తేలికే గాని, అవసరం పడకుండా ఎవరు నొక్కుతారు? ఆ అవసరం ఒకసారి మా క్లాసులో దానంతటదే పుట్టింది. ఈ ఉత్తరంలో నేను మీకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

డిండోలిలోనే ఎవరైనా ఇంటి వ్యాపారం చేసుకునేవాళ్ళను వెతికి, వాళ్ళకు నిజంగా పనికొచ్చే ఒక పేజీ చేయమని పిల్లలకు పని పెట్టాను. వాళ్ళ భాషలోనే ఉండాలన్నాను. ఒక అమ్మాయి తన తల్లి కుట్టుపని కోసం చేసింది. పైన పెద్ద అక్షరాలతో "శ్రీలక్ష్మి లేడీస్ టైలర్స్", కింద బొమ్మలు, ధరలు, ఫోన్ చేసే బటన్. ల్యాప్‌టాప్ మీద బ్రహ్మాండంగా ఉంది. ఇంటికి పోయి తల్లికి ఫోన్‌లో చూపించింది. ఫోన్ తెర ఇరుకు కాబట్టి పేరు రెండు లైన్లయింది. "శ్రీలక్ష్మి" కింద ఉండాల్సిన ఒత్తులు సగానికి తెగిపోయాయి. ఆ తల్లికి తెలుగొక్కటే చదవడం వచ్చు. చూసి, "పోగులు కోసుకుంట బతికిన గాని పేరు కోసుకుంటనా? ఏందే ఇది?" అందట.

మర్నాడు ఆ అమ్మాయి మొహం మాడ్చుకుని వచ్చింది. ఫాంట్ చెడిపోయిందనుకుంది. మార్చి చూసింది, మల్లన్న పెట్టింది, రామభద్ర పెట్టింది, ఏది పెట్టినా తెగుతూనే ఉంది. అప్పుడు క్లాసంతా కలిసి వెతికాం. కుడి పక్క గళ్ళలో లైన్ హైట్ అని ఒకటి ఉంది. ఫోన్ తెరకు అందులో 1.1 అని ఉంది. అంటే అక్షరం ఎంత ఎత్తో, ఒక లైనుకు దానికి పదో వంతు మాత్రమే ఎక్కువ జాగా. టెంప్లేట్ చేసినవాడు ఎవడో ఇంగ్లీషు పెద్దక్షరాలు మనసులో పెట్టుకుని చేశాడు. వాటికి కింద ఏమీ వేలాడదు. మన క్ష్మికి క కింద ష, ష కింద మ. రెండంతస్తుల నేలమాళిగ. పైగా శీర్షిక కింది నుంచి పైకి జారుతూ వచ్చే ఆర్భాటం కోసం ఒక్కో లైను డబ్బాకు "బయటికి పొడుచుకొచ్చింది దాచెయ్" అన్న ఆజ్ఞ కూడా పెట్టి ఉంది. ఒత్తులు బయటికొచ్చాయి, అది దాచేసింది.

ఆ రెండో ఆజ్ఞ ఎక్కడుందో గళ్ళలో దొరకలేదు. ఎఫ్12 నొక్కాల్సి వచ్చింది. యాభై మందీ నొక్కారు. ఆ ఒక్క పేరు పదకొండు డబ్బాల లోపల ఉంది! డబ్బాలో డబ్బా, దానిలో డబ్బా. "ఒక్క మాటకు పదకొండు డబ్బాలెందుకు మేడం?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు, ఎన్ని తీసేస్తే పేజీ చెడకుండా ఉంటుందో చూడమన్నాను. రెండే చాలాయి. ఈలోగా ఇంకొకడు "లక్ష్మి" అన్న మాట కంప్యూటర్ లోపల ఎలా ఉంటుందని తవ్వాడు. కంటికి రెండక్షరాలు, లోపల ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో తెలుగుకు నూటా ఇరవై ఎనిమిది గదుల వీధి ఒకటి ఉందని, ఒత్తులు ఆ వీధిలో ఎక్కడా లేవని, పొల్లు చూసి ఫాంటే ఒత్తును కట్టుకుంటుందని తెలిసేసరికి బెల్ కొట్టారు, ఒక్కరూ లేవలేదు. మరాఠీ కుర్రాడి పేజీలో పైన మాత్రలు తెగాయి. ఒడియా అమ్మాయికి మనలాగే కింద తెగింది. ఇంగ్లీషులో పేజీ చేసినవాళ్ళకు ఏ బాధా లేదు, అందుకని వాళ్ళు ఆ రోజు నేర్చుకున్నదీ తక్కువే.

ఆ అమ్మాయి వారం తిరక్కుండా ఆ పేజీని చేత్తో మళ్ళీ రాసుకొచ్చింది. నలభై లైన్లు. నేను రాయమనలేదు.

పదేళ్ళు ట్యాగులు వల్లె వేయించినా ఇలాంటి పూట ఒకటి నాకు దొరకలేదు. నేరుగా చేత్తో మొదలుపెట్టి ఉంటే ఆ పిల్ల శీర్షిక దాకా వచ్చేసరికే సెమిస్టర్ అయిపోయేది, తల్లికి చూపించడానికి ఏమీ ఉండేది కాదు, తల్లి ఆ మాట అనేది కాదు. పనిముట్టు ఆసు పని తీసేయడం వల్లే చిటికి ఎక్కడ కట్టాలన్న ప్రశ్న దాకా మేం రాగలిగాం. మీ యంత్రం కూడా పోగు చుట్టింది గాని ఎక్కడ ఏ రంగు అంటాలో తాను చెప్పలేదు కదా.

ఆ తండ్రికి నేను చెప్పి ఉండాల్సిన జవాబు నిజానికి ఆయన ఖాతాలోనే ఉంది. కారీగర్ సాంచె నడుపుతాడు, పోగు తెగితే అతుకుతాడు. సాంచె మొరాయిస్తే సేఠ్ పిలిచేది మాస్టర్‌ని. మాస్టర్ మూత విప్పుతాడు. ఇద్దరి చేతుల కింద ఉన్నది ఒకే సాంచె, జీతాలు మాత్రం ఒకటి కావు. మీవాడు డబ్బాలు జరుపుతున్నది కారీగర్ కావడానికి కాదని, నడపడం వచ్చాక మూత విప్పుతామని చెబితే ఆయనకు అర్థమయ్యేది. నాకు అప్పుడు తట్టలేదు. మార్కెట్లో ప్రతి గద్దీలోనూ లెక్కలు రాసే ట్యాలీ ఉంది. ట్యాలీ వచ్చిన ప్రతివాడూ జమా ఖర్చులు తెలిసినవాడు కాడని మార్కెట్లో ఏ మునీమ్‌నడిగినా చెబుతాడు, ఆ ఉదాహరణ ఇచ్చినా సరిపోయేది.

ఇంకో సంగతి కూడా పిల్లలకు ఖాతా భాషలోనే చెబుతాను. సాంచె సేఠ్‌ది, ఖాతా సేఠ్‌ది, తాళం కూడా సేఠ్‌దే. నో-కోడ్ కంపెనీ సర్వర్ మీద కట్టిన పేజీ సేఠ్ ఖాతాలో నేసిన బట్ట లాంటిది. జనం లక్షల్లో పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. పెద్దగా కోడ్ రాయకుండా యాప్‌లు చేసుకోండని గూగుల్ ఇచ్చిన యాప్ మేకర్ 2021 జనవరిలో మూతపడింది. అందుకని రెండో నెలలో అందరి చేతా వర్డ్‌ప్రెస్ పెట్టిస్తాను. దాని కోడ్ అందరిదీ, ఎత్తుకుపోయి ఎక్కడైనా నడుపుకోవచ్చు. సొంత మగ్గం. సొంత మగ్గానికి దుమ్ము దులపడం, నూనె పోయడం కూడా మన పనే అని ఆ నెలలోనే వాళ్ళకు తెలిసొస్తుంది. అప్‌డేట్ చేయనివాడి పేజీలో ఎవడో జూదం ప్రకటన దూర్చి పోతాడు.

ఇన్ని చెప్పాను గాని, నాకు అంతా తేలిపోయిందని మీరు అనుకోవద్దు.

క్లాసులో మూడో వంతు ఎన్నడూ మూత విప్పరు. చక్కగా లాగుతారు, చక్కగా పెడతారు, మార్కులు తెచ్చుకుంటారు. వాళ్ళలో ఒకడు రింగ్ రోడ్ మార్కెట్లో చీరల దుకాణాలకు పేజీలు చేసిపెట్టి తన ఫీజు తానే కట్టుకుంటున్నాడు. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఇప్పుడైతే డబ్బాలు జరపడం కూడా పాతబడింది, ఏం కావాలో మాటల్లో చెబితే కోడ్ మొత్తం రాసిచ్చే యంత్రాలు వచ్చాయి. మా డీటీపీ అధ్యాపకుడు దానికింకా పేరు పెట్టలేదు.

నన్ను అసలు తొలిచేది వేరే. మీరు మీ యంత్రం ముందు కూర్చోడానికి ముందు ఏళ్ళ తరబడి అమ్మ చెయ్యి చూశారు. ఏ మేకు దగ్గర చెయ్యి ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో, ఎన్నోసారికి భుజం పట్టేస్తుందో మీకు తెలుసు. యంత్రంలో ఒక కదలిక కుదరక ఆగిపోయినప్పుడు బాలానగర్‌లో ఏదో యంత్రం తిరుగుడు చూసి మీకు తట్టిందని చెబుతారు. ఆ తిరుగుడు ఎంతమంది చూసి ఉంటారు! చేతి పని మనసులో ఉన్నవాడికే తట్టింది. మా పిల్లలు వరస తిరగేసి వస్తున్నారు. యంత్రం ముందు, చెయ్యి తర్వాత. ఒత్తు తెగిన రోజు లాంటిది ప్రతి బ్యాచ్‌కూ రాదు, రప్పించడం నాకు చేతకాదు. నొప్పి ఎరగనివాడికి యంత్రం లోపల ఏముందో చూడాలని ఎందుకనిపిస్తుంది?

మీ యంత్రం మీదే ఆసు మొదలుపెట్టి, చేత్తో ఎన్నడూ పోయని పిల్లలు ఇప్పుడు మీ వైపు ఉండే ఉంటారు. పోగు చిక్కుపడితే వాళ్ళు ఏం చేస్తారన్నా? యంత్రం ఆపి వెతుకుతారా, ఎవరినైనా పిలుస్తారా? పిలిస్తే, చేత్తో పోసిన పెద్దవాళ్ళు పోయాక ఎవరిని పిలుస్తారు? మీరు చూస్తూ ఉంటారు కనుక అడుగుతున్నాను. రెండు ముక్కల్లో రాసినా చాలు, క్లాసులో చదివి వినిపిస్తాను.

ఇక నా కోరిక. చేత్తో ఆసు పోసే పాత చట్రం ఎవరింట్లోనైనా అటక మీద పడి ఉంటే ఒకటి ఇప్పించండి. డబ్బు పంపుతాను. దాన్ని ల్యాబ్‌లో కంప్యూటర్ల పక్కన పెడతాను. సెమిస్టర్ మొదట్లో ల్యాప్‌టాప్ తెరవకముందు ఒక్కొక్కరి చేతా అరగంట పోయిస్తాను. తొమ్మిది వేలు వద్దు, మూడు వందల సార్లు తిప్పితే చాలు. తర్వాత ఏమీ చెప్పకుండా మీ యంత్రం వీడియో చూపిస్తాను. ఆ తర్వాత ఒక పేజీకి కొక్కేలు చేత్తో కొట్టిస్తాను, అదీ అరగంటే. అప్పుడు డబ్బాలు జరపడం మొదలుపెడతాం. దీనివల్ల ఆ మూడో వంతులో ఒక్కరైనా మూత విప్పుతారో లేదో ఒక బ్యాచ్ మీద చూస్తాను, ఏమైందీ మీకు రాస్తాను.

మా హెచ్‌ఓడీని ఒప్పించడం నా తలనొప్పి. మీరు వరంగల్‌లో నవజీవన్ పార్సిల్‌లో వేయిస్తే చాలు, సూరత్ స్టేషన్‌కు మా నాయన వచ్చి దింపుకుంటాడు. చట్రం ఎలా బిగించాలో చెప్పే మనిషి ఇక్కడ ఎవరూ లేరన్నాను, "ముందు రానియ్, నేను సూస్త" అంటున్నాడు.

ఇట్లు,
డిండోలి నుంచి మీ చెల్లెలు